పిలిచేదాకా బయటికి రాకూడదు

చర్చి వెనక గది,
జూన్ 2, ఆదివారం.

ప్రియమైన పిన్నికి,

ఇవాళ్టి మొదటి వింత పొద్దున్న ఎనిమిదింటికే ఎదురైంది. నీ రేకుపెట్టె తెరిచాను. అందులో ఒక్క కాగితం ముక్క కూడా లేదు.

నాలుగైదేళ్ళ పిల్లలకి పద్దెనిమిదేళ్ళుగా ఆటల్లోనే బైబిలు కథలు చెప్పిన మనిషివి కదా, ఏ ఆట ఎలా ఆడించాలో ఎక్కడో రాసే ఉంటావనుకున్నాను. తీరా చూస్తే, కుట్టగా మిగిలిన గుడ్డముక్కలతో చేసిన ఇరవై మూడు సంచులున్నాయి. ఒకదాంట్లో గుండీలు, ఒకదాంట్లో ఖాళీ అగ్గిపెట్టెలు, ఒకదాంట్లో రెండు పొడుగాటి నీలం గుడ్డలు. నువ్వు హాస్టల్లో కుట్టుపని నేర్పడానికి వెళ్ళి వారం కాలేదు, నాకు అప్పుడే బుర్ర తిరిగిపోతోంది.

గుండీలు లెక్కపెడితే పెద్దవి ఐదు, చిన్నవి రెండు. ఐదంటే దావీదు ఏరుకున్న ఐదు రాళ్ళే అనుకుని, గొల్యాతు కథ చేతులు ఊపుతూ చెప్పాను. బుడంకాయ (మన పన్నెండుమందిలో అందరికంటే పొట్టివాడు) చివరిదాకా విని, "మరి ఈ రెండూ ఎవరివక్కా?" అన్నాడు.

"అవి... చేతిలో ఉంటాయని తెచ్చుకున్నాడు."

"కాదక్కా. ఇవి రొట్టెలు, అవి చేపలు. యేసయ్య అందరికీ పంచినవి. టీచరమ్మ చెప్పింది."

పన్నెండుమందీ నా వైపు జాలిగా చూశారు.

పాస్టరుగారు కిటికీలోంచి అంతా విన్నారు. "సెప్టెంబరు దాకా చూద్దామమ్మా, కుదరకపోతే వీళ్ళని పెద్దపిల్లల్లో కలిపేద్దాం" అన్నారు. పెద్దపిల్లల తరగతంటే తెలుసుగా, బల్లల మీద కదలకుండా కూర్చుని వచనాలు అప్పజెప్పాలి. ఆ బల్ల మీద కూర్చుంటే బుడంకాయ కాళ్ళు నేలకి అందవు. వీళ్ళని అక్కడికి పంపించకూడదని నా పట్టుదల.

అందుకే అడుగుతున్నాను, ఏ సంచి ఏ కథో రాయి. ముఖ్యంగా అడుగున ఉన్న బూడిదరంగు సంచి. అందులో ఒక చిన్న బూటు ఉంది. ఎడమకాలిది. అదొక్కటే. అది ఏ కథ?

ఫోను చేసి అడగొచ్చుగా అంది అమ్మ. ఫోనులో మాటలు నిలవవు. కాలేజీలో చేరిన దగ్గర్నుంచి ఒక నోటుపుస్తకంలో మాటలు ఏరి పెట్టుకుంటున్నాను, నీకు తెలుసుగా. ఈ వారం మాట 'తికమక'. రెండు కాళ్ళూ ఒకే బూటులో పెట్టినట్టు వినిపిస్తుంది.

నీ అమ్మాయి.


హాస్టల్ కుట్టుగది,
జూన్ 8, శనివారం.

అమ్మాయ్,

ముప్పైమంది ఆడపిల్లలు, పదకొండు మిషన్లు, నడిచేవి నాలుగు. ఆ నాలుగింట్లో ఒకటి వెనక్కి మాత్రమే కుడుతుంది. నీ కష్టం నాకేం పెద్దగా కనిపించలేదు.

ఏదీ ఎందుకు రాసిపెట్టలేదంటే, నా దస్తూరి నాకే అర్థం కాదు కాబట్టి. నువ్వు అడిగావు కనుక ఇప్పుడు రాస్తున్నాను, జాగ్రత్తగా చదువుకో.

నీలం గుడ్డలు ఎర్రసముద్రం. నలుగురు పిల్లలు అంచులు పట్టుకుని అలల్లా ఊపాలి. మిగతావాళ్ళు మధ్యలోంచి తడవకుండా పరుగెత్తాలి. ఎర్రసముద్రం నీలంగా ఎందుకుందని ఎవడో ఒకడు అడుగుతాడు. ఎర్రగుడ్డ దొరకలేదని నిజమే చెప్పు. అగ్గిపెట్టెలు యెరికో గోడ. పేర్చి, చుట్టూ ఆరుసార్లు నోరు మూయించి తిప్పి, ఏడోసారి అరిపించు. గుండుగాడిని గోడకి దూరంగా పెట్టు, వాడి తుమ్ము చాలు గోడ కూలడానికి. మన వాగుడుకాయ గంటని ముందు నడిపించు. ఆ పిల్ల ఆరు చుట్లు మాట్లాడకుండా ఉంటే అదే పెద్ద అద్భుతం.

మిగతా సంచుల సంగతి వెనక కాగితంలో ఉంది. గింజలున్న సంచికి చీమలు పడతాయి, చూసుకో.

కథ తప్పు చెప్పినా కొంప మునగదు. తప్పు చెప్పానని ఒప్పుకుంటే వాళ్ళే నేర్పుతారు.

పిన్ని.


మా ఇంటి వెనక గుమ్మం,
జూన్ 16, ఆదివారం.

పిన్నీ,

వెనక కాగితంలో ఇరవై రెండు సంచులున్నాయి. రెండుసార్లు లెక్కపెట్టాను. బూటు లేదు. మర్చిపోయావేమో అనుకుని నేనే ఆలోచించాను. బూటు విప్పడమంటే, మండుతున్న పొద దగ్గర దేవుడు చెప్పులు విప్పమన్న మోషే అయి ఉంటాడు. చాలా సంతోషం వేసింది. పన్నెండుమందితో బూట్లు, చెప్పులు విప్పించి గది మధ్యలో కుప్ప పోయించాను. కథ బాగానే నడిచింది. తర్వాత ఇరవై నాలుగు కాళ్ళకి ఇరవై నాలుగు జోళ్ళు వెతకడానికి ముప్పావుగంట పట్టింది. గుండుగాడు ఎవరో అమ్మాయి చెప్పులు వేసుకుని ఇంటికి పోయాడు. వాళ్ళ నాన్న తెచ్చిచ్చి, "ఇవాళ ఏం నేర్పారండీ?" అని అడిగాడు.

మోషే కథేనా? ఈసారి తప్పకుండా రాయి.

యెరికో మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది. ఏడో చుట్టులో అందరూ గొంతులు చించుకున్నారు, పిచ్చుక తప్ప. నువ్వు వెళ్ళేముందే చేరింది కదా, గంట పక్కనే కూర్చునే సన్నటి పిల్ల. వాళ్ళమ్మ నర్సు, ఆదివారం కూడా డ్యూటీ ఉంటుంది. గంట వాళ్ళమ్మ ఇద్దరినీ కలిపి ఇంటికి తీసుకెళ్తుంది. "నువ్వెందుకు అరవలేదమ్మా?" అన్నాను. "అందరూ అరవండి అన్నావు. పిచ్చుకా అరువు అనలేదు" అంది. ఎంత ముద్దొచ్చిందో.

ఇంకో అనుమానం. నీ పెట్టెలో తప్పిపోయిన గొర్రె కథ ఎందుకు లేదు? చిన్నపిల్లలకి అంతకంటే తేలిక కథ ఉందా? ఒకరు గొర్రె, ఒకరు కాపరి, దాగుడుమూతలు. నీకు తట్టలేదంటే నమ్మలేకపోతున్నాను. నాకైతే తట్టింది. దూదితో పన్నెండు గొర్రెలు చేస్తున్నాను. వచ్చినవాళ్ళు వచ్చినట్టు ముంజేతికి కట్టుకుని, వెళ్ళేటప్పుడు అట్టపెట్టెలో పెట్టాలి. గొర్రెల లెక్క సరిపోతే పిల్లల లెక్క సరిపోయినట్టే. ఎలా ఉంది?

ఈ వారం మాట 'మంద'. పలికితేనే గుంపుగా ఉంది.

నీ అమ్మాయి.


హాస్టల్ కుట్టుగది,
జూన్ 24, సోమవారం.

అమ్మాయ్,

నీ చెప్పుల కుప్ప గురించి ఇక్కడ పిల్లలకి చదివి వినిపించాను. నవ్వి నవ్వి ఒకత్తి కాలరుకి బదులు చొక్కా చెయ్యి అతికించింది.

గొర్రెల ఆట నాకు అంతగా కుదరలేదు. పెట్టెలో ఉన్నవి చాలు కదా, కొత్తవి ఇప్పుడే ఎందుకు? యోనాని మింగే చేపకి దుప్పటి చాలు. నీలం గుడ్డలు ఇస్త్రీ చేసి పెట్టు. మీ అమ్మని కళ్ళద్దాలు మార్చుకోమను.

ఇక్కడ కరెంటు సరిగా ఉండటం లేదు. ఉంటాను.

పిన్ని.


కాలేజీ లైబ్రరీ,
జూలై 7, ఆదివారం.

పిన్నికి,

అందరం బాగున్నాం. అమ్మ కళ్ళద్దాలు మార్చుకుంది.

పోయిన ఆదివారం తప్పిపోయిన గొర్రె ఆట ఆడించాను. బాగానే జరిగింది. దూది గొర్రెల లెక్క సరిగ్గా పన్నెండు వచ్చింది. ఇవాళ యోనా. పదకొండుమంది దుప్పట్లో దూరారు. పాస్టరుగారు ఏమీ అనలేదు.

పరీక్షలు దగ్గరపడ్డాయి. తరగతికి వేరే ఎవరినైనా చూడమని చెప్పాలేమో అనుకుంటున్నాను. పెద్దపిల్లల్లో కలిపితే మాత్రం ఏమవుతుంది, బల్లలు అలవాటవుతాయి.

ఉంటాను.


హాస్టల్ కుట్టుగది,
జూలై 13, శనివారం.

తల్లీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. కొత్త మాట ఒక్కటి కూడా లేదు. కింద 'నీ అమ్మాయి' అని కూడా లేదు. ఒక ఆదివారం పన్నెండు, తర్వాతి ఆదివారం పదకొండు. పరీక్షలు అక్టోబరులో కదా?

ఒక్కటే అడుగుతాను, దాచకుండా చెప్పు. ఆ ఆటలో దాక్కున్నది ఎవరు? ఆ రోజు అందరూ ఇంటికి చేరారా?

మెట్ల కింద చాపల అర ఉంటుంది, చిన్న తలుపుది. అందులోకి ఎవరూ దూరలేదు కదా?

వెంటనే రాయి.

పిన్ని.


చర్చి వెనక గది,
జూలై 21, ఆదివారం.

పిన్నీ,

నీకెలా తెలిసింది? ఎవరు చెప్పారు? అమ్మకి కూడా చెప్పలేదు. మెట్ల కింద అర అని నేను ఎక్కడా రాయలేదు కదా. మూడు రోజులుగా అదే ఆలోచిస్తున్నాను, ఏమీ అర్థం కావడం లేదు.

సరే, జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆ రోజు పిచ్చుక గొర్రె, బుడంకాయ కాపరి. నేనొక నియమం పెట్టాను. కాపరి పేరు పెట్టి పిలిచేదాకా గొర్రె బయటికి రాకూడదు. నియమం చాలా బాగుందని మురిసిపోయాను కూడా. పిచ్చుక అరలోకి దూరి, చాపల వెనక్కి వెళ్ళి కూర్చుంది. దూది గొర్రెకి మట్టి అంటుతుందని ముందే విప్పి గంట చేతికిచ్చిందట. నేను చూడలేదు.

బుడంకాయ వెతుకుతుండగానే వాన మొదలైంది. అమ్మలూ నాన్నలూ గొడుగులతో ఒకేసారి వచ్చేశారు. గంట కోసం వాళ్ళమ్మకి బదులు తాతగారు వచ్చారు. ఇద్దరిని తీసుకెళ్ళాలని ఆయనకి తెలియదు. గంట రెండు గొర్రెల్నీ పెట్టెలో పెట్టి పరుగెత్తింది. గది ఒక్క నిమిషంలో ఖాళీ. నేను పెట్టె ముందు కూర్చుని గొర్రెల్ని లెక్కపెట్టాను. పన్నెండు. దీపం ఆర్పి, తలుపుకి తాళం వేసి, వాన చూసుకుంటూ, 'జల్లు'కీ 'తుంపర'కీ తేడా ఏమిటా అని ఆలోచించుకుంటూ ఇంటికి నడిచాను.

గంటన్నర తర్వాత పిచ్చుక వాళ్ళమ్మ ఆస్పత్రి బట్టల్లోనే మా గుమ్మంలో నిలబడింది. "మా అమ్మాయి ఇక్కడుందా అండీ?" ఇద్దరం వానలో పరుగెత్తాం. తాళం తీస్తూ తాళంచెవి రెండుసార్లు కింద పడేశాను.

అర తలుపు గడియ కూడా వెయ్యలేదు పిన్నీ. తోస్తే తెరుచుకుంటుంది. తను తొయ్యలేదు. మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. ఏడవలేదు. నన్ను చూసి, "నన్ను పిలవలేదుగా అక్కా" అంది.

వాళ్ళమ్మ కేకలేసి ఉంటే బాగుండేది. "మీరూ చిన్నవారే, మిమ్మల్ని ఏమీ అనను. ఇక మాత్రం పంపను" అంది. అంతకుముందు నన్ను నువ్వనే అనేది.

పాస్టరుగారికి ఆవిడ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. అదింకో తప్పు. మూడు వారాలుగా వాళ్ళ వీధి తప్పించి చుట్టూ తిరిగి కాలేజీకి వెళ్తున్నాను. క్షమించమని అడగాలని ఉంది, కానీ దేనికని అడగాలి? తాళం వేసినందుకా? పిలవనందుకా? పిల్లల్ని వదిలి దూదిని లెక్కపెట్టినందుకా? నియమం నాదే, మర్చిపోయిందీ నేనే, చివరిదాకా పాటించింది తను. తప్పిపోయినవాళ్ళని వెతికే కథ చెప్తూ నేనే ఒకరిని వదిలేశాను. ఇంక ఏ మొహం పెట్టుకుని చెప్పను? తరగతి వదిలేస్తాను పిన్నీ. పిచ్చుక తిరిగి రాని గదిలో నాకు ఆటలు రావడం లేదు.

అయోమయం, గందరగోళం, తబ్బిబ్బు... నోటుపుస్తకంలో అన్నీ ఉన్నాయి. ఏదీ పనికి రావడం లేదు.

నీ అమ్మాయి.


హాస్టల్, నా గది,
జూలై 27, శనివారం.

తల్లీ,

ఎవరూ చెప్పలేదు. నాకు ఆ అర తెలుసు.

నీ ప్రశ్న రెండుసార్లు దాటేశాను. ఇప్పుడు రాస్తున్నాను. ఆ బూటు ఏ కథదీ కాదు. ఒక పిల్లాడిది. పద్నాలుగేళ్ళ కిందట వాడికి ఐదేళ్ళు. ఇప్పుడు నీ వయసే ఉంటుంది.

అప్పట్లో నా పెట్టెలో గొర్రెల ఆట ఉండేది. పిల్లలకి అదే ప్రాణం. వాడు ఆ అరలోనే దాక్కున్నాడు. ఆ రోజు నాకు వేరే ఇంట్లో కుట్టు కొలతలు తీసుకునే పని ఉంది, తొందరలో ఉన్నాను. నీలా గొర్రెల్ని కూడా లెక్కపెట్టలేదు. సాయంత్రం ప్రార్థనకి వచ్చినవాళ్ళు చాపలు తీస్తే బయటపడ్డాడు. నీ పిచ్చుకలా కాదు, ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. వాళ్ళ నాన్న లారీ డ్రైవరు. ఎత్తుకుని తీసుకెళ్ళిపోయాడు, నా వైపు చూడను కూడా లేదు.

తర్వాతి ఆదివారం చాపలు పరుస్తుంటే బూటు దొరికింది. వాళ్ళ ఇల్లు రెండు వీధుల అవతల. ఈ వారం ఇచ్చొద్దామనుకున్నాను. వచ్చే వారం అనుకున్నాను. ఏం మాట్లాడాలో కుదరక, కుదిరాక వెళ్దామని ఆగాను. ఆరు వారాలు ఆగాను. ఏడో వారం వెళ్తే ఇంటికి తాళం. ఊరు మారిపోయారు.

ఆటని పెట్టెలోంచి తీసేశాను. బూటుని తీసెయ్యలేకపోయాను. దానికో సంచి కుట్టాను. ఏ సంచి తీసినా అడుగున అది కనబడాలని.

నువ్వు గొర్రెల ఆట అన్నప్పుడు ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది. అరలోకి ఎవరినీ దూరనివ్వకు, తలలు లెక్కపెట్టుకో, అంతే. ఆ వాక్యం రాస్తే ఎందుకని అడుగుతావని, నీ దగ్గర మంచి టీచరుగా ఉండిపోదామని రాయలేదు. కరెంటు లేదని రాశాను. ఆ రోజు కరెంటు ఉంది. అందుకని పిచ్చుక విషయంలో సగం తప్పు నాది. ఇది నిన్ను ఓదార్చడానికి అనడం లేదు, లెక్క అది.

దేనికి క్షమాపణ అడగాలో నాకూ తెలియదు. తెలిశాక వెళ్దామనుకుంటే ఏమవుతుందో మాత్రం తెలుసు. నేను ఆరు వారాలు ఆగాను. నువ్వు ఇప్పటికి నాలుగు ఆగావు.

ఆ బూటు నాకు పంపు. వాళ్ళున్న ఇంటి ఓనరుగారి అడ్రసు ఇంకా ఉంది, ఎక్కడికి వెళ్ళారో అడుగుతాను.

పిన్ని.


మా ఇల్లు, వంటింటి బల్ల,
ఆగస్టు 3, శనివారం.

పిన్నీ,

నీ ఉత్తరం గురువారం చేరింది. మడత కూడా పెట్టకుండా చేత్తో పట్టుకుని పిచ్చుక వాళ్ళింటికి నడిచాను. దారిలో మాట్లాడాల్సిన వాక్యాలు ఏడు తయారు చేసుకున్నాను. తలుపు తెరుచుకోగానే ఏడూ ఎగిరిపోయాయి.

వాళ్ళమ్మ డ్యూటీకి బయల్దేరుతోంది. జడ సగమే అల్లి ఉంది. నేను, "నేను పిల్లల్ని లెక్కపెట్టలేదండీ. దూదిని లెక్కపెట్టాను. నాలుగు వారాలు రాకపోవడం కూడా తప్పే. ఇందులో ఏది పెద్ద తప్పో నాకింకా తెలియడం లేదు" అన్నాను. పిచ్చిదానిలా ఉన్నాను. ఆవిడ జడ అల్లడం పూర్తిచేసి, "లోపలికి రా" అంది. రండి అనలేదు. ఆ ఒక్క మాటకి నాకు ఏడుపొచ్చింది.

పిచ్చుక తలుపు వెనక నిలబడి ఉంది. నేను నేల మీద కూర్చుని, "నిన్ను పిలవడం మర్చిపోయాను. బుడంకాయ కాదు, నేనే మర్చిపోయాను" అన్నాను. తను తలుపు వెనక నుంచి ఒక అడుగు ముందుకొచ్చింది.

"నీకు చీకటంటే భయమా?" అంది.

"కొంచెం."

"నాకు భయం లేదు. కొంచెం ఉంది." మళ్ళీ ఆలోచించింది. "ఈసారి నువ్వు గొర్రె."

"ఎక్కడ దాక్కోను?"

"అక్కడే."

"ఎంతసేపు?"

"నేను పిలిచేదాకా."

వాళ్ళమ్మ చేతిసంచి భుజానికి తగిలించుకుంటూ, "ఈ ఆదివారం నాకు సెలవు. వస్తాను. తలుపు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటా. తర్వాత సంగతి తర్వాత చూద్దాం" అంది. పంపిస్తానని అనలేదు. పంపనని కూడా అనలేదు. దాన్ని ఏమనుకోవాలో తెలియక వీధి చివరిదాకా వెళ్ళి, కాలేజీ అటు కాదని గుర్తొచ్చి వెనక్కి వచ్చాను.

పాస్టరుగారికి నిన్న అంతా చెప్పాను. అరకి తాళం వెయ్యమనో, తరగతి మూసెయ్యమనో అంటారనుకున్నాను. ఆయన స్క్రూడ్రైవరు తెచ్చి, అర తలుపునే ఊడదీశారు. "సెప్టెంబరు మాట సెప్టెంబరులో. ముందు ఈ ఆదివారం సంగతి చూసుకో" అన్నారు.

బూటు ఇవాళ పోస్టు చేశాను. కౌంటరాయన సంచిని తడిమి చూసి, "ఒక్కటేనా? రెండోది?" అన్నాడు. "రెండోది వాళ్ళ దగ్గరుంది" అన్నాను. నిజంగా ఉందంటావా? చిన్నప్పటి బూటు ఒక్కటే ఎవరైనా దాచుకుంటారా? నువ్వు దాచావు కదా.

నీమీద కోపం వచ్చింది పిన్నీ, రాలేదని రాస్తే అది కూడా దాచడమే. ఒక పూట ఉంది. ఆ పూట కూడా నీతోనే మాట్లాడుతున్నాను మనసులో.

దూది గొర్రెల్ని దిండులో కుక్కేశాను. ఇకనుంచి తలల మీద చెయ్యి పెట్టి, పేర్లు పైకి అంటూ లెక్కపెడతాను. వచ్చేటప్పుడోసారి, వెళ్ళేటప్పుడోసారి. సాయంత్రం వెళ్ళి అరలో పడుతుందేమోనని కొలుచుకున్నాను. నాలుగు చాపలు తీస్తే మోకాళ్ళు ముడుచుకుని పడుతున్నాను, తల మాత్రం వంచాలి. తలుపు లేదు కనుక పిచ్చుకకి నేను కనబడుతూనే ఉంటాను. అయినా దాక్కున్నట్టే అని తనే తేల్చింది.

రేపు ఏడున్నరకి, మిగతా పిల్లలు రాకముందే వాళ్ళిద్దరూ వస్తారు. నేను ఏడుంపావుకే వెళ్ళి, చాపలు తీసి, తలుపు పక్కన కుర్చీ వేసి, లోపలికి దూరి కూర్చుంటాను. తను వెంటనే పిలుస్తుందో, గంటన్నర కూర్చోబెడుతుందో తెలియదు. పిలిచేదాకా బయటికి రాను.

నీ అమ్మాయి.